వెసికిల్ తగలగానే పొరతో కలిసిపోదు: ప్యాచ్ క్లాంప్ ల్యాబ్‌లోనూ మా అమ్మ కంటి రెప్ప దగ్గరా నాకు అర్థమైంది ఇది

మీరు అడిగినవి మూడు. వెసికిల్, అంటే కణం లోపల సరుకు నింపుకున్న చిన్న పొర సంచి, వచ్చి కణం పొరకు తగిలితే చారు మీద నూనె చుక్కల్లా వాటంతట అవే కలిసిపోతాయా, అక్కడ కాల్షియం చేసే పని ఏంటి, ఇలా వెసికిళ్ల పొరలన్నీ వచ్చి చేరుతూ పోతే కణం ఉబ్బిపోదా. మీ పుస్తకంలో "వెసికిల్ ప్లాస్మా పొరతో ఫ్యూజ్ అయి లోపలి పదార్థాన్ని విడుదల చేస్తుంది" అని ఒకే వాక్యం ఉందన్నారు, మా బీఎస్సీ పుస్తకంలోనూ అంతే, పక్కన నాలుగు బొమ్మలు, మొదటి దాంట్లో గుండ్రని సంచి దూరంగా, నాలుగో దాంట్లో లోపలి చుక్కలన్నీ బయట. రెండో బొమ్మకీ మూడో బొమ్మకీ మధ్య ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. నిజానికి విషయమంతా ఆ మధ్యలోనే ఉంది.

నేను ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో మూడేళ్లు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేశాను, ఎలుకల ఎడ్రినల్ గ్రంథి నుంచి తీసిన కణాల మీద ప్యాచ్ క్లాంప్ పని, అంటే సన్నని గాజు పిపెట్‌ను కణానికి అతికించి దాని విద్యుత్‌ను కొలవడం. అదే రోజుల్లో మా అమ్మకు వచ్చిన ఒక జబ్బు వల్ల ఈ విషయం నాకు చదువుగా కాకుండా ఇంటి సంగతిగా అర్థమైంది. రెండూ కలిపి చెప్తాను, కాస్త పొడవవుతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు: కలిసిపోవు. నూనె చుక్కలతో పోలిక ఇక్కడే తప్పుతుంది. చారు మీద నూనె చుక్కకు నీళ్లంటే పడదు కాబట్టి పక్క చుక్క దొరికితే దాంతో కలిసిపోయి నీటికి తగిలే భాగాన్ని తగ్గించుకుంటుంది. కణం పొర అలా కాదు, అందులో కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉంటాయి, నీళ్లంటే పడని తోకలు లోపలికి, నీళ్లంటే ఇష్టమున్న తలలు బయటికి. ఆ తలలు నీటి అణువుల్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. అలాంటి రెండు పొరలు ఒకదానికొకటి ఒకటి రెండు నానోమీటర్ల దూరంలోకి వచ్చాయంటే మధ్యలో మిగిలిన ఆ కాస్త నీటిని వదులుకోవడానికి రెండూ ఒప్పుకోవు. పైగా రెండింటి మీదా రుణావేశం ఎక్కువ, అది కూడా దూరంగా నెడుతుంది. ఒక్కసారి ఆలోచించండి, ఇవి తగలగానే కలిసిపోయే రకమే అయితే కణంలో మైటోకాండ్రియా, లైసోజోమ్, కేంద్రకం ఏవీ విడిగా నిలవవు, అన్నీ గంటలో ఒకే ముద్ద అయిపోతాయి. కలవకపోవడమే పొరల సహజ గుణం, కలపాలంటే ఎవరో పనిగట్టుకుని బలం పెట్టాలి.

ఆ బలం పెట్టేవే స్నేర్ ప్రోటీన్లు. నరం కొస దగ్గర ఇవి మూడు. సినాప్టోబ్రెవిన్ అనేది వెసికిల్ మీద నాటుకుని ఉంటుంది, సింటాక్సిన్, స్నాప్-25 అనే రెండూ కణం పొర వైపు ఉంటాయి. 1993లో జేమ్స్ రాత్‌మన్ బృందం ఈ మూడూ కలిసి ఒక జట్టుగా పట్టుకుంటాయని చూపించింది. 1998లో ఆ జట్టు స్ఫటిక నిర్మాణం బయటికొచ్చింది, నాలుగు మెలికల కట్ట. ఇంగ్లిష్ పుస్తకాలు దీన్ని జిప్‌తో పోలుస్తాయి, నాకు మాత్రం ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాలుగు పాయల జడ గుర్తొచ్చింది, ఇప్పటికీ పిల్లలకు అలాగే చెప్తాను. సినాప్టోబ్రెవిన్ నుంచి ఒక పాయ, సింటాక్సిన్ నుంచి ఒక పాయ, స్నాప్-25 నుంచి రెండు పాయలు. ఒకటే తేడా. మనం జడ తల దగ్గర మొదలుపెట్టి కొసకు అల్లుతాం. ఇది తిరగేసిన జడ, పొరలకు దూరంగా ఉన్న కొసల దగ్గర మొదలై పొరల వైపుకు అల్లుకుంటూ వస్తుంది. ఒక పాయ వెసికిల్‌లో నాటుకుని ఉంది, ఇంకో పాయ కణం పొరలో నాటుకుని ఉంది, మరి అల్లిక దగ్గరికొచ్చేకొద్దీ ఏమవుతుంది? రెండు పొరలూ ఒకదాని మీదికి ఒకటి లాగబడతాయి. అవి వద్దంటున్నా సరే, మధ్య నీటిని తోసేసి మరీ. ఆ అల్లిక బిగిసేటప్పుడు విడుదలయ్యే శక్తే ఇక్కడి బలం.

అప్పుడు మొదట రెండు పొరల ఎదురెదురు వరసలు మాత్రమే ఒకటవుతాయి, లోపలి వరసలు ఇంకా విడిగానే ఉంటాయి, ఇది సగం కలయిక. తర్వాత అవీ తెగి కలిసి సన్నని రంధ్రం పడుతుంది, మొదట్లో ఒకటి రెండు నానోమీటర్ల వెడల్పు. నరం కొసలోని వెసికిల్ మొత్తం అడ్డకొలతే సుమారు 40 నానోమీటర్లు, తల వెంట్రుక వెడల్పులో అలాంటివి 2000 పక్కపక్కనే పడతాయి, అందులో ఈ రంధ్రం ఎంతుంటుందో ఊహించుకోండి. ఆ రంధ్రం ఒక్కోసారి వెడల్పై వెసికిల్ మొత్తం పొరలో పరుచుకుపోతుంది, ఒక్కోసారి కాసేపు తెరుచుకుని మళ్లీ మూసుకుపోతుంది.

ఈ రంధ్రాన్ని నేను కంటితో చూడలేదు కానీ దాని గుర్తును రోజూ చూసేదాన్ని. కణం పక్కన సన్నని కార్బన్ తీగ పెట్టి దానికి సుమారు 700 మిల్లీవోల్టులు ఇస్తే, కణం నుంచి బయటపడిన ఎడ్రినలిన్ అణువులు తీగకు తగిలి ఆక్సీకరణం చెందుతాయి, తెర మీద ఒక్కో వెసికిల్‌కు ఒక్కో ముల్లు లేస్తుంది. కొన్ని ముళ్లకు ముందు చిన్న గట్టు లాంటిది ఉండేది, కొన్ని మిల్లీసెకన్లు. మొదటి వారం నేను దాన్ని నాయిస్ అనుకుని వదిలేశాను. మా సీనియర్ అక్క పక్కన కూర్చుని "అది పారేయకు, రంధ్రం సన్నగా ఉండగా కారేది అదే, వెడల్పయ్యాక వచ్చేది ముల్లు" అని చెప్పింది. పుస్తకంలోని రెండో బొమ్మకీ మూడో బొమ్మకీ మధ్య జరిగేది నాకు కనబడిన రోజు అది. ఆ రోజు రాత్రి హాస్టల్‌కు వచ్చాక నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అమ్మ సంగతి. 52 ఏళ్ల వయసులో అమ్మకు ఎడమ కంటి కింద అదురు మొదలైంది. మొదట్లో శకునం అన్నారు, తర్వాత నిద్ర చాలక అన్నారు, ఒక డాక్టర్ టెన్షన్ అని రెండేళ్లు మాత్రలు మింగించారు. ఈలోపు అదురు రెప్ప నుంచి బుగ్గకు, బుగ్గ నుంచి పెదవి కొసకు దిగింది, కన్ను దానంతటదే మూసుకుపోయేది. బస్సులో ఎదుటివాళ్లు ఏదో అనుకుంటారని అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది, పెళ్లిళ్లకు పోవడం మానేసింది. నాకు ఇప్పటికీ ఆ రెండేళ్లు తలుచుకుంటే బాధే. చివరికి ఒక న్యూరాలజిస్టు చూసి ముఖం నరం మీద రక్తనాళం ఒత్తుకోవడం వల్ల వచ్చే ఒకవైపు అదురు అని తేల్చి బోటాక్స్ ఇంజెక్షన్ రాశారు. అమ్మ భయపడింది. "అదేదో విషమంట కదే, కన్ను పోదు కదా?" అని నన్నడిగింది. డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు, "ఇది నరాన్ని చంపదమ్మా, నరం చెప్పే మాట కండకు చేరకుండా కొన్నాళ్లు ఆపుతుంది, అంతే."

మాట చేరకుండా ఆపడం అంటే ఏంటో నాకు తెలుసు. నరం కండకు చెప్పే మాట ఎసిటైల్‌కోలిన్, అది ఉండేది వెసికిళ్లలో. బోటాక్స్ అంటే బొటులినం టాక్సిన్‌లో 'ఎ' (A) అనే రకం, అది ఒక కత్తెర. నరం కొసలోకి వెళ్లి స్నాప్-25ను కోస్తుంది. స్నాప్-25లో మొత్తం 206 అమైనో ఆమ్లాలు, ఈ కత్తెర కోసేది చివరి 9 మాత్రమే. 206లో 9! కానీ ఆ తొమ్మిదీ ఏ వైపువో చూడండి, పొరకు దగ్గరగా, జడ అల్లిక ముగిసే వైపు. జడ మొదలవుతుంది, సగం పైగా అల్లుకుంటుంది, చివరి బిగింపు దగ్గరికొచ్చేసరికి పాయ పొట్టిదైపోయింది. వెసికిల్ పొర పక్కనే ఆగిపోతుంది, లోపల సరుకు నిండుగా ఉంటుంది, బయటికి మాత్రం రాదు. ఇంజెక్షన్ అయిన నాలుగో రోజుకు అమ్మ రెప్ప నెమ్మదించింది, పది రోజులకు బుగ్గ కూడా. నేను ల్యాబ్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ ముందు ఆ మాటే చెప్పింది. పొరలు వాటంతట అవి కలవవని, ఆ చివరి బిగింపు లేకపోతే ఏమీ జరగదని ఇంతకంటే గట్టి రుజువు నాకు ఎక్కడా దొరకలేదు.

ధనుర్వాతం కూడా ఇదే కథ, కోసే చోటు వేరు. ఆ టాక్సిన్ సినాప్టోబ్రెవిన్‌ను కోస్తుంది, 1992లో కనుక్కున్నారు. మరి బోటాక్స్‌తో కండ వదులైతే ధనుర్వాతంలో కట్టెలా ఎందుకు బిగుస్తుంది అని మీకు సందేహం రావాలి. ధనుర్వాతం టాక్సిన్ కండ దగ్గర ఆగదు, నరం వెంట వెన్నుపాము దాకా పోయి, అక్కడ కండల్ని అదుపులో పెట్టే నరకణాల్లోకి దూరి వాటి వెసికిళ్లను ఆపేస్తుంది. ఆపేవాళ్ల నోరు మూతపడింది కాబట్టి కండలు బిగుసుకుంటూనే పోతాయి. మేకు గుచ్చుకుంటే టీటీ ఇంజెక్షన్ ఎందుకంటారో మా ఊళ్లో అందరికీ తెలుసు, కానీ ప్రమాదమంతా ఒక వెసికిల్ ప్రోటీన్‌లో ఒకే ఒక్క బంధం తెగడమే అని ఎవరికి తెలుస్తుంది.

కాల్షియం. దీన్ని చాలామంది తప్పుగా రాస్తారు, కాల్షియం పొరల్ని అతికిస్తుంది అన్నట్టు. వెసికిళ్లు ముందే వచ్చి, పొర పక్కన ఆని, జడ కొంతవరకు అల్లుకుని, సిద్ధంగా నిలబడి ఉంటాయి. ఆ సిద్ధం చేయడంలో మంక్18, మంక్13 అనే ప్రోటీన్ల పాత్ర పెద్దది, ఇక్కడ వివరంగా పోను. కాంప్లెక్సిన్ అనేది చివరి అల్లిక తొందరపడి జరగకుండా పట్టుకుంటుంది, జరగాల్సినప్పుడు సాయమూ చేస్తుంది. కణం బయట కాల్షియం లోపలికంటే దాదాపు పదివేల రెట్లు ఎక్కువ. నరంలో విద్యుత్ సంకేతం కొసకు రాగానే కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, లోపలికి దూసుకొచ్చిన కాల్షియాన్ని వెసికిల్ మీదే ఉన్న సినాప్టోటాగ్మిన్ పట్టుకుంటుంది, పట్టుకోగానే దాని కొసలు కణం పొరలోకి గుచ్చుకుంటాయి, ఆగి ఉన్న అల్లిక పూర్తవుతుంది. కాల్షియం వచ్చాక సరుకు బయటపడటానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ముందే అంతా సిద్ధంగా లేకపోతే ఈ వేగం కుదిరే పని కాదు. థామస్ సుడాఫ్ బృందం 1994లో సినాప్టోటాగ్మిన్-1 లేని ఎలుకల్లో చూసింది ఏంటంటే, సంకేతం రాగానే జరిగే ఆ వేగవంతమైన విడుదల పోయింది, నెమ్మదిగా జరిగేది, ఊరికే అప్పుడప్పుడు జరిగేది మిగిలే ఉన్నాయి. అంటే కలిపే యంత్రం వేరు, సమయం చెప్పేది వేరు.

ఆ "ఊరికే అప్పుడప్పుడు" అన్నది కూడా చిన్న విషయం కాదు. బెర్నార్డ్ కాట్జ్ 1950ల మొదట్లో లండన్‌లో కప్ప కండ మీద పనిచేస్తూ, నరాన్ని ముట్టుకోకుండా ఉన్నా కండలో సగం మిల్లీవోల్టు లాంటి బుల్లి అలలు వస్తున్నాయని గమనించారు. నరాన్ని కదిపితే వచ్చే పెద్ద అల ఈ బుల్లి అలల కూడికే అని తేల్చారు, అంటే సరుకు ధారగా రాదు, పొట్లాలు పొట్లాలుగా వస్తుంది. ఒక్కో పొట్లం ఒక్కో వెసికిల్. దానికే 1970లో నోబెల్‌లో భాగం దక్కింది.

కాల్షియం విలువ నాకు ఒక పాడైపోయిన రోజు నేర్పింది. కణాలు మునిగి ఉండే బాత్ ద్రావణం కలిపేటప్పుడు కాల్షియం క్లోరైడ్ వేయడం మర్చిపోయాను. ఆ రోజు గాజు పిపెట్ కణానికి సరిగ్గా అతుక్కోవడమే కష్టమైంది, అతుక్కున్న కణాల్లో ఎన్ని విద్యుత్ పల్స్‌లు ఇచ్చినా సోడియం కరెంట్ చక్కగా వస్తోంది, వెసికిల్ మాత్రం ఒక్కటీ కలవడం లేదు. కణాలు బాగాలేవనుకుని మధ్యాహ్నం దాకా డిష్‌లు మారుస్తూ పోయాను. సాయంత్రం రికార్డులు తిరగేస్తుంటే ఏ కణంలోనూ కాల్షియం కరెంటే లేదని కనబడింది, అప్పుడు నోట్‌బుక్ తీసి చూస్తే ఆ ఒక్క వరసకు టిక్ లేదు. మర్నాడు 2 మిల్లీమోలార్ కాల్షియంతో అదే పల్స్, మొదటి కణంలోనే గ్రాఫ్ పైకి లేచింది.

మా ఇంట్లోనే ఇంకో ఉదాహరణ ఉంది, నాన్న షుగర్‌కు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర. క్లోమంలోని బీటా కణం పొరలో ఉండే ఒక పొటాషియం ద్వారాన్ని అది మూస్తుంది, దాంతో కణం విద్యుత్ మారి, కాల్షియం లోపలికొచ్చి, ఇన్సులిన్ నిండిన వెసికిళ్లు పొరతో కలుస్తాయి. ఇక్కడా స్నేర్ ప్రోటీన్లే, ఇక్కడా కాల్షియమే.

మూడో ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే మీరు ఆలోచించి అడిగారు. అవును, కణం పెరుగుతుంది! నేను కొలిచిందే అది. పొర ఒక కెపాసిటర్ లాంటిది, అంటే విద్యుదావేశాన్ని నిలవ ఉంచుతుంది, ఆ నిలవ సామర్థ్యమే కెపాసిటెన్స్, చదరపు మైక్రాన్‌కు సుమారు 10 ఫెమ్టోఫ్యారడ్‌లు, కాబట్టి కెపాసిటెన్స్ పెరిగిందంటే పొర వైశాల్యం పెరిగిందని. ఎర్విన్ నెహర్, అలెన్ మార్టీ 1982లో చూపించిన పద్ధతి. మా కణాలు ఐదారు పికోఫ్యారడ్‌లు (అంటే ఐదారు వేల ఫెమ్టోఫ్యారడ్‌లు) ఉండేవి, పల్స్‌లు ఇస్తే ఒక వంద ఫెమ్టోఫ్యారడ్‌లు లేచేది, ఒక్కో వెసికిల్ తెచ్చేది ఒకటి రెండే కాబట్టి కొన్ని పదుల వెసికిళ్లు ఒక్కసారిగా కలిశాయని లెక్క. ఈస్ట్ కణమైతే పెద్దదయ్యేదే ఈ దారిలో. ర్యాండీ షెక్‌మన్, పీటర్ నోవిక్ ఈ కలయిక ఆగిపోయిన ఈస్ట్‌లను వెతకడానికి వాడిన తెలివి చూడండి: పైపొర పెరగదు, లోపల మాత్రం సరుకు తయారవుతూనే ఉంటుంది, కాబట్టి ఆ కణాలు బరువెక్కి అడుక్కి దిగుతాయి. అలా 1980 నాటికి 23 జన్యువులు పట్టుకున్నారు. రాత్‌మన్, షెక్‌మన్, సుడాఫ్‌లకు 2013 నోబెల్ కలిపి ఇచ్చింది ఈ పనులన్నిటికీ.

మరి నరం కొస ఎందుకు ఉబ్బిపోదు అంటే, చేరిన పొరను వెంటనే వెనక్కి లాక్కుంటుంది. తెర మీద లేచిన గీత కొన్ని సెకన్లలో నెమ్మదిగా కిందికి దిగేది, అది ఆ వెనక్కి లాగడమే. ఇంకో మాట, అల్లుకున్న జడలను విప్పకపోతే రెండోసారి వాడలేరు. ఎన్ఎస్ఎఫ్ అనే ప్రోటీన్ కణం ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి ఆ నాలుగు పాయలనూ విడదీస్తుంది. అంటే కణం ఇంధనం పోసేది అల్లడానికి కాదు, విప్పడానికి. విప్పినప్పుడు పెట్టిన శక్తే తర్వాతి అల్లికలో బలంగా తిరిగొస్తుంది. పరీక్షలో ఈ ఒక్క ముక్క రాసినా మీకు విషయం తెలుసని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది.

ఆ వెనక్కి లాగే దారిలోనే బోటాక్స్ లోపలికి పోతుంది. అది పట్టుకునేది ఎస్‌వీ2 అనే ప్రోటీన్‌ను, అది ఉండేది వెసికిల్ లోపలి వైపు. వెసికిల్ పొరతో కలిసినప్పుడే ఆ లోపలి వైపు బయటికి కనబడుతుంది, టాక్సిన్ అప్పుడు దాన్ని పట్టుకుని, పొర వెనక్కి వెళ్లేటప్పుడు దాంతో పాటు లోపలికి చేరుతుంది. కాబట్టి ఎంత ఎక్కువ పనిచేసే నరమైతే అంత ఎక్కువగా దాన్ని లోపలికి తీసుకుంటుంది.

మూడు నెలల తర్వాత నరం కొస కోలుకుంటుంది, అమ్మకు ప్రతిసారీ అటూ ఇటూగా అంతే పడుతోంది. మొన్న ఫోన్ చేసి "కింది రెప్ప మళ్లీ కొద్దిగా అదురుతోందే" అంది. అక్కడ జడలు మళ్లీ చివరిదాకా అల్లుకోవడం మొదలుపెట్టాయన్నమాట. వచ్చే గురువారం ఇంజెక్షన్‌కు తీసుకెళ్తున్నాను.